ఇన్ఫమీ

ఇన్ఫమీ అనునది ఆంగ్ల భాషకు చెందిన ఒక నామవాచకం. హేయమైన పనివలన లోకంలో వ్యాపించిన చెడ్డపేరు అని దీని అర్థం. తెలుగులో అపకీర్తి, అపఖ్యాతి, అపయశస్సు, దుష్కీర్తి అనునవి దీనికి సమానార్థకాలు. అటువంటి హేయకార్యాన్ని కూడా ఇన్ఫమీ అంటారు. ఈ అర్థంలో దీనికి బహువచనం ఉన్నది. దీని విశేషణ రూపం ఇన్ఫమస్. నేడు ఈ పదం ప్రధానంగా జనుల అభిప్రాయాన్ని సూచిస్తుంది. పూర్వం ఇది మనిషి హక్కులను హరించే న్యాయపరమైన స్థితికి పేరు.

వ్యుత్పత్తి

లాటిన్ భాషలో ఫామా అనగా వదంతి, పేరు, ప్రతిష్ఠ. దానికి లేమిని తెలిపే ఇన్ అనే ఉపసర్గ చేరి ఇన్ఫామియా అనే పదం ఏర్పడినది. ఇది ఫ్రెంచి భాష ద్వారా ఆంగ్లంలో ప్రవేశించినది. ఫేమ్ (కీర్తి), డిఫమేషన్ (పరువునష్టం) అనే పదాలకు కూడా ఫామాయే మూలం.

తెలుగులోని అపకీర్తి అనే పదం కూడా ఇదేవిధంగా కీర్తి అనే సంస్కృత పదానికి అప అనే ఉపసర్గ చేరగా ఏర్పడినది. భగవద్గీత 2వ అధ్యాయం 34వ శ్లోకంలో అకీర్తి అనే రూపం కనిపిస్తుంది. గౌరవం పొందినవానికి అకీర్తి మరణం కంటె మించినదని అందులో కృష్ణుడు అర్జునునికి చెబుతాడు.

రోమన్ చట్టంలో

ప్రాచీన రోములో ఇన్ఫామియా చట్టం గుర్తించిన స్థితి. దొంగతనం, మోసం వంటి నేరాలు రుజువైనవారు, సైన్యం నుండి అవమానకరంగా తొలగింపబడినవారు దీనికి లోనయ్యేవారు. నేరమేమీ చేయకపోయినా, రంగస్థల నటులకు కూడా ఇది వర్తించేది. వీరు సాధారణంగా న్యాయస్థానంలో ఇతరుల తరపున వాదించడానికి అనర్హులు. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి ప్రకటించిన డైజెస్ట్ అనే న్యాయసంకలనంలో, 3వ గ్రంథం 2వ ప్రకరణం ఈ విషయానికే కేటాయించబడినది.

ఆంగ్ల, అమెరికా చట్టాలలో

ఇంగ్లాండులో రాజద్రోహం, అబద్ధసాక్ష్యం, ఫోర్జరీ వంటివాటిని ఇన్ఫమస్ నేరాలుగా పరిగణించేవారు. వీటిలో శిక్షపడినవాని మాట నమ్మదగినది కాదనే భావనతో అతనిని సాక్షిగా అంగీకరించేవారు కాదు. దీనివలన, అతడు కళ్ళారా చూసిన సంగతి కూడా విచారణలో వినబడకుండా పోయేది. 1843లో వచ్చిన చట్టం ఈ అనర్హతను తొలగించినది. అటుపిమ్మట పూర్వపు శిక్ష, సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వాలో నిర్ణయించడానికి మాత్రమే పనికివచ్చినది.

1791లో ఆమోదం పొందిన అమెరికా రాజ్యాంగపు 5వ సవరణలో కూడా ఈ పదం ఉన్నది. దాని ప్రకారం, మరణశిక్షార్హమైన లేదా ఇన్ఫమస్ అయిన నేరానికి, కొన్ని సైనిక సందర్భాలలో తప్ప, గ్రాండ్ జ్యూరీ అభియోగం లేనిదే విచారణ జరుపరాదు. కఠినశ్రమతో కూడిన దీర్ఘ కారాగారశిక్ష విధించదగిన నేరం ఇన్ఫమస్ నేరమని ఆ దేశపు సుప్రీంకోర్టు 1885లో తీర్పునిచ్చినది.

వాడుక

ఈ పదపు వాడుకలలో సుప్రసిద్ధమైనది అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ప్రసంగం. 1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బర్‌పై దాడిచేసినది. మరునాడు కాంగ్రెసు ఉభయసభల సమావేశంలో ఆయన, ఆ తేదీ అపకీర్తితో నిలిచిపోతుందని చెప్పడానికి ఇన్ఫమీ అనే పదాన్ని ఉపయోగించాడు. తొలి చిత్తుప్రతిలో ప్రపంచ చరిత్ర అని ఉన్నచోట స్వహస్తంతో ఈ పదాన్ని చేర్చాడు. ఆ ఒక్క మార్పుతో, తేదీని గుర్తుచేసే వాక్యం దాడిని ఖండించే వాక్యంగా మారినది.

సమీపార్థక పదాలు

* నొటోరైటీ: అందరికీ తెలిసియుండుట అని మూలార్థం. నేడు ఎక్కువగా చెడ్డ విషయంలో ప్రసిద్ధిని తెలుపుతుంది.
* డిస్‌రెప్యూట్: ఉన్న మంచిపేరు పోవుట. ఇన్ఫమీ కంటె తీవ్రత తక్కువ. క్రికెట్ ప్రవర్తనా నియమావళిలో, ఆటకు చెడ్డపేరు తెచ్చే ప్రవర్తనను తెలుపుటకు ఈ పదం వాడతారు.
* డిఫమేషన్: ఒకరి ఆరోపణవలన మరొకరి పేరుకు హాని కలుగుట. భారతదేశంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను దీనికి సంబంధించినది.

సాధారణ పొరపాట్లు

ఇన్ఫమస్ అనగా ఫేమస్ కానివాడు, అనగా పేరులేనివాడు అని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. ఇన్ఫమస్ అయినవాడు లోకానికి బాగా తెలిసినవాడే, కాని తెలిసినది చెడ్డగా. ఉచ్చారణలో కూడా ఇన్‌ఫేమస్ అనరాదు. మొదటి అక్షరాన్ని ఊది ఇన్ఫమస్ అని పలకవలెను.