ఇంట ఓడి రచ్చ గెలిచిన జట్టు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. డెక్కన్ ఛార్జర్స్ కథ ఆ మాటకు అడ్డం తిరిగి నడిచింది. 2008 వేసవిలో హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో ఆ జట్టు ఏడు మ్యాచ్‌లు ఆడి ఏడూ ఓడింది. మరుసటి ఏడాది మే 24న, ఆదివారం రాత్రి, సొంత గడ్డ అన్నదే లేని దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గ్ వాండరర్స్ మైదానంలో ఐపీఎల్ కప్పు ఎత్తింది. ఆ రాత్రి ఆడిన పదకొండు మందిలో ఒకడు విశాఖపట్నం కుర్రాడు, యలక వేణుగోపాల్ రావు. అప్పటికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక్కటే రాష్ట్రం. విశాఖ పక్కనున్న మా సబ్బవరం ఇంకా విశాఖ జిల్లాలోనే ఉంది, అనకాపల్లి జిల్లాలో కలిసింది 2022లో. హైదరాబాద్ పేరుతో ఆడినా ఆ జట్టు మనదేనని ఇక్కడివాళ్లు అనుకోవడానికి వేణు ఒక్కడు చాలు.

పుట్టడమే డబ్బు చప్పుడుతో పుట్టింది ఆ జట్టు. 2008 జనవరిలో డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ హైదరాబాద్ జట్టు హక్కుల్ని 10.7 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఫిబ్రవరి ఆటగాళ్ల వేలంలో ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు పెట్టింది. ఆ వేలంలో అంతకన్నా ఎక్కువ పలికింది ధోని ఒక్కడే. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిది, రోహిత్ శర్మ, ఆర్పీ సింగ్, చమిందా వాస్... ఆ జాబితా చూసిన ఎవరికైనా కప్పు ఇక వీళ్లదే అనిపించేది.

ఇక్కడ వీవీఎస్ లక్ష్మణ్ చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్‌లను వాళ్ల ఊళ్ల జట్లకు ఐకాన్ ఆటగాళ్లుగా ప్రకటించారు. ఐకాన్‌కు ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ పలికిన ఆటగాడి మీద మరో 15 శాతం కలిపి ఇవ్వాలి. హైదరాబాద్‌కు ఆ హోదా లక్ష్మణ్‌దే. వద్దన్నాడు. తనకు ఇవ్వాల్సిన సొమ్ముతో జట్టు మరో మంచి ఆటగాణ్ణి కొనుక్కోవచ్చని వదులుకున్నాడు. ఐపీఎల్ చరిత్రలో డబ్బు గురించి చెప్పుకునే కథలన్నిటిలో నాకు ఇదే పెద్ద కథ.

ఆ త్యాగానికి తగిన ఫలం ఆ ఏడు రాలేదు. ఏప్రిల్ 20న ఈడెన్ గార్డెన్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే 110కి ఆలౌట్. రెండు రోజులకు ఉప్పల్‌లో సెహ్వాగ్ 94 నాటౌట్, ఢిల్లీ చేతిలో తొమ్మిది వికెట్ల ఓటమి. ఏప్రిల్ 24 అయితే మరీ చేదు. సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు, జట్టు 214 చేసింది. ఆ రోజుల్లో 214 అంటే సగం గెలిచినట్టే. రాజస్థాన్‌కు చివరి ఓవర్లో 17 కావాలి. బంతి అందుకున్నది సైమండ్సే, ఎదురుగా షేన్ వార్న్. వార్న్ వరస సిక్సర్లతో ఒక బంతి మిగిలుండగానే ఆట ముగించాడు. సెంచరీ కొట్టినవాడి చేతిలోంచే మ్యాచ్ జారిపోయింది. 2022లో రెండు నెలల తేడాతో ఆ ఇద్దరూ మనల్ని విడిచిపోయారు. ఉప్పల్‌లో ఆ ఓవర్ చూసినవాళ్లకు అది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

తరువాత దెబ్బ మీద దెబ్బ. నాలుగే మ్యాచ్‌లాడి సైమండ్స్ ఆస్ట్రేలియా జట్టు పిలుపు మీద వెళ్లిపోయాడు. కెప్టెన్ లక్ష్మణ్ చేతికి గాయమైంది. కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్ భుజాన పడింది. 14 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే, రెండూ పరాయి గడ్డ మీదే. నవీ ముంబైలో గిల్‌క్రిస్ట్ 47 బంతుల్లో 109 నాటౌట్‌గా చెలరేగి, వికెట్ పడకుండా 12 ఓవర్లలో లక్ష్యం దాటించాడు. రెండోది చెన్నై చేపాక్‌లో. ఎనిమిది జట్ల పట్టికలో ఎనిమిదో స్థానం.

చాలా యాజమాన్యాలు ఇలాంటప్పుడు జట్టుని కూకటివేళ్లతో పెకలించేస్తాయి. డెక్కన్ ఆ పని చేయలేదు. దీన్ని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే 2009 విజయాన్ని అదృష్టం ఖాతాలో వేసేవాళ్లు నేటికీ ఉన్నారు. వాండరర్స్ ఫైనల్లో ఆడిన పదకొండు మందిని తీసుకోండి. గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, రోహిత్, వేణుగోపాల్, ఆర్పీ సింగ్, ప్రజ్ఞాన్ ఓఝా. ఏడుగురూ అట్టడుగున పడ్డ 2008 జట్టులో ఉన్నవాళ్లే. నిలబెట్టాల్సింది నిలబెట్టి, మార్చాల్సింది మార్చారు. గిల్‌క్రిస్ట్‌ను పూర్తి స్థాయి కెప్టెన్‌ను చేశారు. కోచ్‌గా రాబిన్ సింగ్ స్థానంలో డారెన్ లేమన్ వచ్చాడు. కొత్త వేలంలో ఫిడెల్ ఎడ్వర్డ్స్, డ్వేన్ స్మిత్‌లను తెచ్చుకున్నారు. హైదరాబాద్ కుర్రాడు తిరుమలశెట్టి సుమన్‌కు అవకాశమిచ్చారు. ఇసుక రంగు జెర్సీ పోయి నీలం వచ్చింది.

ఆ మార్పుల మధ్యే ఇంకో పిడుగు. 2009 ఏప్రిల్, మే నెలల్లో దేశమంతా లోక్‌సభ ఎన్నికలు, మన రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు కూడా. మ్యాచ్‌లకు బలగాలు ఇవ్వలేమంది ప్రభుత్వం. మార్చి చివర్లో టోర్నీ మొత్తాన్నీ దక్షిణాఫ్రికాకు తరలించారు. మిగతా జట్లకు అది నష్టం. సొంత మైదానంలో ఒక్కటీ గెలవని జట్టుకు మాత్రం మేలే జరిగింది. అక్కడి పిచ్‌ల మీద బంతి లేచి వస్తుంది, గిల్‌క్రిస్ట్, గిబ్స్‌లాంటి వాళ్లకు అది పుట్టిల్లు లాంటిది. ఆర్పీ సింగ్ స్వింగ్‌కూ అంతే.

మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచారు. కోల్‌కతాను 101కి కూల్చారు, ఆర్పీకి నాలుగు వికెట్లు. బెంగళూరు, ముంబై, చెన్నై వరసగా పడ్డాయి. సైమండ్స్ లేకుండానే ఇదంతా. అప్పటికి అతను గల్ఫ్‌లో పాకిస్తాన్‌తో ఆస్ట్రేలియా సిరీస్‌లో ఉన్నాడు. ఆ తరువాత తడబడ్డారు. ఢిల్లీ ఓడించింది, రాజస్థాన్ ఓడించింది. టెస్టుల కోసం ఎడ్వర్డ్స్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. పాత ఏడాది మళ్లీ వచ్చిందా అన్న భయం పట్టుకుంది.

ఆ భయాన్ని తరిమినవాడు 22 ఏళ్ల రోహిత్. మే 6న సెంచూరియన్‌లో ముంబై మీద హ్యాట్రిక్ తీశాడు, ఆరు పరుగులకు నాలుగు వికెట్లు. బ్యాట్స్‌మన్ రోహిత్ బౌలింగ్‌లో మ్యాచ్ గెలిపించడమేమిటని నేటి పిల్లలు ఆశ్చర్యపోతారు, కానీ నిజం. మే 16, ఎన్నికల ఓట్లు లెక్కించిన రోజు. అదే రోజు జొహానెస్‌బర్గ్‌లో కోల్‌కతా మీద చివరి ఓవర్లో 21 పరుగులు కావాలి. రోహిత్ బాదాడు, ఆఖరి బంతిని సిక్సర్‌గా పంపాడు. రోహిత్ తల్లిగారిది విశాఖపట్నమే. మనవాడు అని మనం అనుకోవడానికి అదో కారణం.

లీగ్ ముగిసేసరికి ఏడు గెలుపులు, ఏడు ఓటములు, నాలుగో స్థానం. మే 21న చివరి లీగ్ మ్యాచ్‌లో బెంగళూరు కుర్రాడు మనీష్ పాండే వీళ్ల మీద 114 నాటౌట్ కొట్టాడు. ఐపీఎల్‌లో ఒక భారతీయుడి తొలి సెంచరీ అది. ఆ ఓటమి చవిచూసి తెల్లవారితే, అదే సెంచూరియన్‌లో, పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ఢిల్లీతో సెమీఫైనల్. లక్ష్యం 154. డిర్క్ నానెస్ మొదటి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్ ఐదు ఫోర్లు కొట్టాడు. 17 బంతుల్లో యాభై, 35 బంతుల్లో 85. రెండు ఓవర్ల పైచిలుకు మిగిలుండగానే పని అయిపోయింది. ఒక కెప్టెన్ ఒక్క చేత్తో జట్టుని ఫైనల్‌కు మోసుకెళ్లడం అంటే అదే.

ఫైనల్ ప్రత్యర్థి బెంగళూరు. గమనించండి, 2008 పట్టికలో ఏడో స్థానం బెంగళూరుది, ఎనిమిదోది డెక్కన్‌ది. కింది రెండు మెట్ల మీద ఉన్నవాళ్లే ఏడాది తిరిగేసరికి పై మెట్టు కోసం కొట్లాడారు. కుంబ్లే మొదటి ఓవర్ తనే వేసి మూడో బంతికే గిల్‌క్రిస్ట్‌ను బౌల్డ్ చేశాడు. సున్నా. రెండు రోజుల ముందు 85 కొట్టినవాడు! కానీ ఆ రోజు జట్టు ఒక్కడి మీద ఆధారపడలేదు. గిబ్స్ తన దూకుడు అణుచుకుని 48 బంతుల్లో 53తో చివరిదాకా నిలిచాడు. సైమండ్స్ 33, రోహిత్ 24. మొత్తం 143. కుంబ్లే నాలుగు ఓవర్లలో 16 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు. ఓడిన జట్టులో ఉండీ మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అందుకున్నాడు, దానికి అర్హుడే.

చిన్న స్కోరు కాపాడటంలోనే ఆ జట్టు ఎంత మారిందో కనిపించింది. ఓఝా మూడు వికెట్లు తీశాడు. సైమండ్స్ వరస బంతుల్లో రాస్ టేలర్‌ను, విరాట్ కోహ్లీని పంపించాడు. కోహ్లీని స్టంపౌట్ చేసింది గిల్‌క్రిస్ట్. చివరి ఓవర్లో బెంగళూరుకు 15 కావాలి. ఏడాది కింద ఉప్పల్‌లో 17 కాచుకోలేని జట్టు ఇది. ఈసారి ఆర్పీ ఎనిమిదే ఇచ్చాడు. ఆరు పరుగుల తేడాతో కప్పు మనది. 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ ఆర్పీకి, 495 పరుగులు చేసిన గిల్‌క్రిస్ట్‌కు టోర్నీ ఉత్తమ ఆటగాడి గౌరవం.

లక్ష్మణ్ ఆ పదకొండులో లేడు. ఎవరి త్యాగంతో జట్టుకు డబ్బు మిగిలిందో ఆయనకే ఫైనల్లో చోటు దక్కలేదు. ఆ విజయంలో ఆయన వాటాను ఏ స్కోరుకార్డూ చూపించదు. మనమైనా చెప్పుకోవాలి.

ప్రపంచంలో ఇలాంటి కథలు అరుదు. నాకు గుర్తొచ్చేది మంచు మీద ఆడే హాకీలో, అమెరికాలోని సెయింట్ లూయిస్ బ్లూస్‌ది. 2018 నవంబరులో కోచ్‌ను తీసేశారు. 2019 జనవరి మొదటి వారంలో 31 జట్ల లీగ్‌లో ఆఖరున ఉన్నారు. తాత్కాలిక కోచ్ క్రెయిగ్ బెరూబే, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని గోల్‌కీపర్ జోర్డాన్ బిన్నింగ్టన్ కలిసి ఆ జట్టుని లేపారు. జూన్ 12న బోస్టన్‌ను ఓడించి తమ చరిత్రలో మొదటి స్టాన్లీ కప్ గెలిచారు. అక్కడా ఆటగాళ్లను మూకుమ్మడిగా మార్చలేదు. సారథ్యం మారింది, ఒక కొత్త చేయి తోడైంది.

డెక్కన్ జట్టు మన మైదానానికి వచ్చేసరికి మాత్రం వెలుగు తగ్గిపోయింది. 2010లో తెలంగాణ ఉద్యమ వేడిలో సొంత మ్యాచ్‌లన్నీ కటక్, నాగ్‌పూర్, నవీ ముంబైలకు తరలాయి. అలా తిరుగుతూనే సెమీఫైనల్ చేరారు. 2011 వేలానికి ముందు ఒక్క ఆటగాణ్ణి కూడా అట్టిపెట్టుకోలేదు. నా దృష్టిలో పతనం అక్కడే మొదలైంది. 2008లో ఓడినప్పుడు చూపిన ఓర్పు గెలిచాక చూపలేకపోయారు. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, రోహిత్, సైమండ్స్ ముంబైకి, వేణు ఢిల్లీకి వెళ్లిపోయారు.

2012 ఏప్రిల్‌లో విశాఖకు తొలిసారి ఐపీఎల్ వచ్చింది. సబ్బవరం నుంచి పెందుర్తి, ఆనందపురం మీదుగా మధురవాడ స్టేడియానికి చేరినవాళ్లకు రెండు ఓటములే దక్కాయి. 7న చెన్నై 74 పరుగుల తేడాతో చిత్తు చేసింది. జడేజా 48 పరుగులు చేసి, 16 పరుగులకే ఐదు వికెట్లు తీశాడు. 9న ముంబైకి ఆఖరి బంతికి సిక్సర్ కొట్టి గెలిపించింది ఎవరనుకున్నారు? రోహిత్ శర్మ. మూడేళ్ల కింద డెక్కన్ కోసం కొట్టిన అదే ఆఖరి బంతి సిక్సర్‌ను, తల్లిగారి ఊళ్లో, డెక్కన్ మీదే కొట్టాడు. 73 నాటౌట్.

ఆ సెప్టెంబరు 14న భారత క్రికెట్ బోర్డు డెక్కన్ ఒప్పందాన్ని రద్దు చేసింది. అప్పులు, ఆటగాళ్ల బకాయిలు, ఇవ్వాల్సిన బ్యాంకు హామీలు, అన్నీ కలిసి జట్టుని మింగేశాయి. అక్టోబరులో సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు హైదరాబాద్ హక్కులు తీసుకుంది. సన్‌రైజర్స్ పుట్టింది. 2016లో కప్పు గెలిచింది. 2023లో పదో స్థానంలో నిలిచి 2024లో ఫైనల్ ఆడింది. అట్టడుగు నుంచి లేవడం హైదరాబాద్ జట్లకు వారసత్వంగా వచ్చిందేమో. వేణుగోపాల్ 2024 చివర్లో ఢిల్లీ క్యాపిటల్స్ క్రికెట్ డైరెక్టర్ అయ్యాడు. 2025 మార్చిలో విశాఖను సొంత మైదానం చేసుకున్న ఆ జట్టు ఇక్కడ లక్నోనూ, సన్‌రైజర్స్‌నూ ఓడించింది.

ఒప్పందం రద్దు మీద గొడవ కోర్టుకెక్కింది. 2020 జులైలో మధ్యవర్తి జస్టిస్ సీకే ఠక్కర్ డెక్కన్ యాజమాన్యానికి బోర్డు 4,814.67 కోట్ల రూపాయలు, దాని మీద వడ్డీ చెల్లించాలన్నారు. 2021 జూన్‌లో బాంబే హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. క్రికెట్, వ్యాపారం, ఒప్పంద చట్టం మూడూ పెనవేసుకున్న కేసు ఇది. సబ్బవరంలో న్యాయప్రస్థ ప్రాంగణంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థులకు నాదొక విన్నపం. ఆ రెండు తీర్పులూ చదివి, డెక్కన్ ఛార్జర్స్ ఎలా మునిగిందో సామాన్య పాఠకుడికి అర్థమయ్యే తెలుగులో రాయండి. ఎలా గెలిచిందో చూసినవాళ్లం మేము చెబుతాం.