సామాజిక తనిఖీ: ఊరి చేతిలో సామాజిక శాస్త్ర పద్ధతి

సామాజిక శాస్త్రాలు చదివితే నిత్యజీవితంలో ఏం ఉపయోగమని అడిగితే పౌరస్పృహ, విలువలు, ఆలోచనాశక్తి అని జవాబు చెప్పడం పరిపాటి. అవి నిజమే, కానీ రుజువుకు అందవు. రుజువు దొరికే చోటు తెలుగు నేల మీదే ఉంది: ఉపాధి హామీ పనులపై జరిగిన సామాజిక తనిఖీ, అంటే పనుల లెక్కలను ఊరివాళ్లే సరిచూసుకోవడం. అక్కడ అక్కరకొచ్చింది ఈ శాస్త్రాలు అందించే సమాచారం కన్నా వాటి పద్ధతి అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. మస్టరు రోల్స్ (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు, కొలతల పుస్తకాలు సభ ముందుంచాలని పంచాయతీని ఆదేశించింది. 2006 ఫిబ్రవరి 2న పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో ఆరంభించిన బహిరంగ విచారణలు ఈ తనిఖీకి పూర్వరంగం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ఆలోచనను ప్రభుత్వ వ్యవస్థలోకి తెచ్చి, వేతనదారుల కుటుంబాల యువతీయువకులకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. తేలిన విషయాలను మండల స్థాయి ప్రజావేదికలో అందరి ఎదుటా చదివించింది.

ఆ యువత చేసే పనిని దగ్గరగా గమనించాలి. "కూలి అందిందా?" అంటే "అందింది" అనే జవాబే వస్తుంది. ఏ పనికి వెళ్లారు, ఎన్ని రోజులు వెళ్లారు, చేతికి ఎంత వచ్చింది అని విడివిడిగా అడిగితేనే మస్టరులో రాసినదానికీ కూలీ చెప్పినదానికీ తేడా బయటపడుతుంది. తేదీలు గుర్తులేని మనిషిని ఉగాదికి ముందా, శ్రీరామనవమి అయ్యాకా అని అడగాలి. ఎవరి ఎదుట అడుగుతున్నామన్నది ఇంకా కీలకం. ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ పక్కనే నిలబడితే, లేదా అప్పిచ్చిన ఆసామి అరుగు మీదే కూర్చుని అడిగితే, జవాబు మారిపోతుంది, లేదా రానే రాదు. కులం, భూమి, అప్పు మాటను ఎలా అదుపు చేస్తాయో తెలిసినవారికి ఆ మౌనం కూడా సాక్ష్యమే. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పద్ధతుల పేరిట నేర్పేది ఇదే. ఇక్కడ దాని ఫలితం ఒక కుటుంబానికి రావలసిన కూలి డబ్బు. ఇంతకు మించిన ప్రయోజనం ఏ శాస్త్రానికైనా ఏముంటుంది?

అయితే పద్ధతి ఒక్కటే చాలదు. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను విశ్లేషించిన ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఇవర్సెన్ అక్రమాలు మొత్తంగా తగ్గలేదని తేల్చారు. కూలి చెల్లింపుల్లో తగ్గిన అక్రమం సామగ్రి ఖర్చుల్లోకి మళ్లింది. కూలీకి తన పనిదినాలు తెలుసు, సిమెంటు బిల్లు తెలియదు. కనిపెట్టడం కష్టమైన చోటికి అవినీతి మళ్లుతుందన్న ఆర్థికశాస్త్ర సూత్రానికి ఇది నిదర్శనం. తప్పు తేలినా శిక్ష అరుదు కావడానికి కారణం వెతకాలంటే రాజనీతిశాస్త్రం కావాలి: సొమ్ము రాబట్టే అధికారం ఎవరిది, ఆ అధికారిపై ఒత్తిడి ఎవరిది?

అందుకే ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం ప్రాజెక్టు పనిగా సొంత పంచాయతీ తనిఖీ నివేదికను చదివించాలని నా అభిప్రాయం. కూలి లెక్కలు ఊరివాళ్లు ఇప్పటికే పట్టుకోగలుగుతున్నారు. పిల్లలకు మొదట నేర్పవలసింది సామగ్రి బిల్లునూ కొలతల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదవడం.