శాంతా సిన్హా

శాంతా సిన్హా (జననం: 1950 జనవరి 7, నెల్లూరు) బాలకార్మిక వ్యవస్థ నిర్మూలనకు కృషి చేసిన సామాజిక కార్యకర్త, రాజనీతిశాస్త్ర ఆచార్యులు. ఉస్మానియాలో ఎం.ఏ., ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోధించారు.

కృషి: ఆమె తాత, చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ ఆమె సారథ్యంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వెట్టిచాకిరీ చేసే పిల్లలను బడి బాట పట్టించింది. బడికి వెళ్లని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అన్నది దాని మూలసూత్రం. పని మాన్పించిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చేందుకు బ్రిడ్జి శిబిరాలు నడిపింది.

విదేశాలపై ప్రభావం: ఈ అనుభవం స్ఫూర్తిగా 2003లో నెదర్లాండ్స్ సంస్థలు ఐరోపాలో బాలకార్మిక వ్యతిరేక ప్రచారం ప్రారంభించాయి. అభివృద్ధి సహాయంలో బాలకార్మిక నిర్మూలనను పూర్తికాలపు బడిచదువుతో ముడిపెట్టాలని ఐరోపా సమాఖ్యను కోరాయి. ఆంధ్రప్రదేశ్ పత్తివిత్తన చేలలో పూలకు చేత్తో పరాగసంపర్కం చేసే బాలికల సమస్యను ఫౌండేషన్ బహుళజాతి విత్తన కంపెనీల ముందు పెట్టింది. అమెరికా కార్మికశాఖ 2009లో ప్రకటించిన, బాలకార్మికులతో లేదా బలవంతపు శ్రమతో ఉత్పత్తయ్యే వస్తువుల జాబితాలో భారత హైబ్రిడ్ పత్తివిత్తనం కూడా చోటుచేసుకుంది.

పదవులు, గౌరవాలు: 2003లో రామన్ మెగసెసే పురస్కారం పొందారు, పద్మశ్రీ గ్రహీత. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు. వరుసగా రెండు పర్యాయాలు పనిచేశారు.