మెల్లగా లేవడం కూడా స్వస్థతే



మన సంఘాల్లో 80 దాటినవారు, 90కి దగ్గర పడినవారు మునుపటికంటే ఎక్కువగా కనిపిస్తున్నారు. ఇది దేవుని కృప. జ్వరం వచ్చో, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరో, జారిపడి ఎముక విరిగో ఆసుపత్రికి వెళ్తున్నారు. ప్రాణం నిలబడి ఇంటికి వస్తున్నారు. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టి, "ఈ వయసులో ఇంకేం లేస్తారులే, కదలకుండా ఉంటే చాలు" అంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది. కానీ ఆ మాట వల్లనే ఎందరో పెద్దవాళ్లు మళ్లీ వాకిట్లోకి రాకుండా పోతున్నారు. అందుకే ఈసారి కొంచెం చరిత్ర చెప్పుకుందాం. మంచాన పడిన వృద్ధులను లేపడం మనుషులు ఎప్పుడు, ఎలా నేర్చుకున్నారో చూద్దాం.

ముందుగా లేఖనం వైపు చూద్దాం. స్వస్థత అంటే ఒక్క క్షణంలో జరిగేదే అని చాలామంది అనుకుంటారు. ప్రార్థన చేసిన వారం రోజులకు కూడా తాతయ్య నడవకపోతే, మన విశ్వాసంలో ఏదో లోపముందని కుమిలిపోతారు. మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి చదవండి. ప్రభువు మొదటిసారి ముట్టినప్పుడు అతనికి మనుషులు చెట్లలాగా మసకగా కనబడ్డారు. రెండోసారి చేతులుంచినప్పుడే తేటగా చూశాడు. ఆ రెంటి మధ్య ప్రభువు అతన్ని గద్దించలేదు. ఎలా కనబడుతోందని అడిగి, మళ్లీ చేయి వేశాడు. అదే సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కూతురిని బ్రదికించిన వెంటనే ఆయన ఇంటివాళ్లకు చెప్పినదేమిటి? ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని. లేపడం ఆయన చేశాడు. అన్నం పెట్టే పని ఇంటివాళ్లకు అప్పగించాడు.

ఇంట్లో ఉన్న రోగిని చూసుకోవడం ఒక విద్య అని లోకానికి గట్టిగా చెప్పినవారిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ గారు ముఖ్యులు. ఆమె 1820లో పుట్టారు. జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ఫ్లీడ్నర్ అనే పాస్టరు 1836లో స్థాపించిన పరిచారికల గృహంలో కొంతకాలం శిక్షణ పొందారు. క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేస్తూ 1855లో తానే తీవ్రమైన జ్వరం పాలయ్యారు. ఆ జబ్బు ప్రభావం ఏళ్ల తరబడి ఆమెను విడిచిపెట్టలేదు. చాలాకాలం ఇంట్లోనే, తరచుగా మంచం మీదనే ఉండి పనిచేశారు. అయినా 90 ఏళ్లు బ్రతికి 1910లో కన్నుమూశారు.

ఆమె 1859లో రాసిన నర్సింగ్ పుస్తకం ఆసుపత్రి నర్సుల కోసం రాసిన పాఠ్యపుస్తకం కాదు. ఇంట్లో రోగిని చూసుకునే మామూలు స్త్రీల కోసం రాసింది. అందులో ఆమె పట్టించుకున్న విషయాలు చూడండి: గదిలోకి మంచి గాలి, వెలుతురు రావడం, మంచం చుట్టూ గోల లేకపోవడం, ఆహారం సరైన వేళకు కొంచెం కొంచెంగా అందడం. చుట్టూ ఆహారం ఉన్నా, రోగి తినగలిగే వేళను ఎవరూ గమనించకపోవడం వల్ల ఎందరో ఆకలితో నీరసించిపోతున్నారని ఆమె బాధ. పరామర్శకు వచ్చినవాళ్ల ఉత్త ఓదార్పులు, ఉచిత సలహాల మీద ఆమె ఒక అధ్యాయమే రాశారు. మన ఊళ్లలో ఆ అధ్యాయం ఎంత అవసరమో మీకు తెలుసు. గుంపుగా వచ్చి మంచం చుట్టూ నిలబడి, "అయ్యో, ఎంత చిక్కిపోయావు పెద్దమ్మా, ఫలానా ఆయన కూడా ఇలాగే మొదలై పోయాడు" అని చెప్పి కాఫీ తాగి వెళ్లిపోతాం. ఆ రాత్రి ఆ పెద్దమ్మకు నిద్ర పట్టదు.

అదే 1859వ సంవత్సరంలో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఇంకొక సంగతి జరిగింది. విలియం రాత్‌బోన్ అనే వర్తకుని భార్య జబ్బుతో చనిపోయింది. ఆమెను చివరి రోజుల్లో ఇంట్లోనే చూసుకున్న నర్సు పేరు మేరీ రాబిన్సన్. డబ్బున్న నా ఇంట్లోనే ఈ సేవ ఇంత ఊరటనిస్తే, ఏమీ లేని పేదల ఇళ్లలో ఎంత మేలు చేస్తుందో అని రాత్‌బోన్ ఆలోచించాడు. మూడు నెలలు పేదల ఇళ్లకు వెళ్లి రోగులను చూడమని, జీతం తానే ఇస్తానని ఆ నర్సును అడిగాడు. ఆమె వెళ్లింది. అక్కడి దైన్యం చూసి తట్టుకోలేక, ఈ పని తనవల్ల కాదని మధ్యలోనే అంది. అయినా గడువు వరకూ ఆగింది. గడువు ముగిసేసరికి ఆ పని విడిచిపెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. తర్వాత రాత్‌బోన్ నైటింగేల్ గారి సలహా తీసుకుని నర్సులకు శిక్షణాలయం కట్టించాడు. లివర్‌పూల్ పట్టణాన్ని 18 భాగాలుగా పంచి ఒక్కో భాగానికి ఒక్కో నర్సును పెట్టారు. ఇంటింటికీ వెళ్లే నర్సుల వ్యవస్థ అలా వేరూనింది.

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి సేవ చేసినవారున్నారు. 1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ గారు, ఆసుపత్రి భవనం లేని తొలి ఏళ్లలో స్త్రీల ఇళ్లకే వెళ్లి వైద్యం చేశారు. ఆసుపత్రి 1898లో గాని తెరుచుకోలేదు. ఆసుపత్రి గడప తొక్కలేని రోగి దగ్గరకు తామే నడిచి వెళ్లడం ఆ తరం సేవకుల పద్ధతి.

అయితే ముసలివారి విషయంలో ఒక పెద్ద పొరపాటు చాలాకాలం సాగింది. ముసలితనం, జబ్బు రెండూ ఒకటే అనుకున్నారు. బ్రిటన్‌లో దిక్కులేని వృద్ధులను బీదల గృహాల ఆసుపత్రుల్లో వరుసగా మంచాలు వేసి పడుకోబెట్టేవారు. జబ్బేమిటో చూసేవారు తక్కువ. లేపేవారు ఇంకా తక్కువ. 1935లో లండన్ దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టరు మార్జరీ వారెన్ గారి చేతికి అలాంటి ఒక ఆసుపత్రి వచ్చింది. 700 మందికి పైగా రోగులు. వారిలో చాలామంది ఏళ్ల తరబడి మంచం దిగనివారు. ఆమె ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించారు. చూస్తే పక్షవాతం వచ్చాక ఎవరూ నడిపించనివారు కొందరు, మందు వేస్తే తగ్గే జబ్బుకు మందే లేకుండా పడి ఉన్నవారు కొందరు. ఆమె చీకటి గోడలకు లేత రంగు వేయించారు, దీపాలు పెంచారు, పట్టుకుని నడవడానికి కమ్మీలు పెట్టించారు, మంచాల నుండి దించి కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఇక లేవరు అనుకున్నవాళ్లలో చాలామంది లేచి తిరిగారు. ఎందరో ఇళ్లకు వెళ్లిపోయారు. 1943లోను, 1946లోను ఆమె రాసిన వ్యాసాలు వృద్ధుల వైద్యం అనే శాఖకు పునాది అయ్యాయి. ఆమె కొత్త మందేమీ కనిపెట్టలేదు. "ముసలివాళ్లే కదా" అని ఊరుకోలేదు, అంతే.

1947లో రిచర్డ్ ఆషర్ అనే లండన్ డాక్టరు మంచాన పడుకోవడంలోని ప్రమాదాల గురించే ఒక వ్యాసం రాశాడు. కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, వీపున పుండ్లు పడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకల్లో సత్తువ పోతుంది, మలబద్ధకం వస్తుంది, మనసు కుంగిపోతుంది అని ఒక్కొక్క అవయవం పేరు చెప్పి వివరించాడు. చివర బిషప్ థామస్ కెన్ రాసిన పాత సాయంకాల కీర్తనలో ఒక చరణాన్ని సరదాగా మార్చి, రోగులను వేళకు లేపమని వైద్యులకు బోధించాడు.

ఈ కాలపు పరిశోధనలు దీన్ని కొలిచి చూపించాయి. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీదే ఉంచారు. ఆ 10 రోజుల్లోనే వారి కాళ్లలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. వాళ్లు జబ్బు లేనివాళ్లు! జబ్బుతో నలిగిన 85 ఏళ్ల అమ్మమ్మ సంగతి ఏమిటో ఆలోచించండి.

ఇప్పుడు సంతోషకరమైన మాట. 1990లో బోస్టన్ నగరంలోని వృద్ధుల గృహంలో, 86 నుండి 96 ఏళ్ల మధ్య వయసున్న 10 మంది బలహీనులకు డాక్టర్ల పర్యవేక్షణలో 8 వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. చివరిదాకా నిలిచినవారు 9 మంది. వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, అంటే రెండింతలు దాటింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. 90 ఏళ్ల కండ కూడా పని చెబితే వింటుంది. దేవుడు ఈ శరీరాన్ని అలా చేశాడు. అయితే ఒక సంగతి గమనించండి. పోవడానికి 10 రోజులు చాలు, తిరిగి రావడానికి వారాలు, నెలలు కావాలి. ఆ ఓపికే ఇంటివాళ్లు ఇవ్వవలసిన మందు.

మరి మన ఇళ్లలో ఏం చేయాలి? ముందు డాక్టరును స్పష్టంగా అడగండి: కూర్చోబెట్టవచ్చా, ఎప్పుడు నిలబెట్టవచ్చు, ఏ కాలు మీద బరువు వేయకూడదు? ఎముక విరిగినా, గుండె జబ్బు ఉన్నా ఆయన చెప్పిన హద్దు దాటవద్దు. అనుమతి ఉంటే మొదటి రోజు మంచం అంచున కాళ్లు కిందికి వేసి కాసేపు కూర్చోబెట్టండి. ఒక్కసారిగా లేపితే కళ్లు తిరిగి పడతారు. కుంగిన నులక మంచం నుండి లేవడం కష్టం, గట్టి మంచం మేలు. చేతులున్న గట్టి కుర్చీలో నుండి పట్టుకుని లేపడం, మళ్లీ కూర్చోబెట్టడం రోజుకు కొన్నిసార్లు చేయండి. తర్వాత గడప దాకా, ఆ తర్వాత అరుగు దాకా. దారిలో తడి, అడ్డంగా పడి ఉన్న వైర్లు లేకుండా చూడండి. రాత్రి బాత్రూముకు వెళ్లే దారిలో దీపం ఉంచండి. కళ్లద్దాలు, చెవి మిషను ఉంటే చేతికి అందేలా పెట్టండి.

ఆహారం విషయంలో పథ్యం పేరుతో నెల రోజులు జావ మీదే ఉంచవద్దు. కరిగిన కండ తిరిగి రావాలంటే పప్పు, గుడ్డు, పెరుగు, పాలు, చేప వంటివి కావాలి. పళ్లు లేకపోతే మెత్తగా చేసి పెట్టండి. కిడ్నీ జబ్బు, షుగరు ఉన్నవాళ్లకు ఎంత పెట్టాలో డాక్టరునే అడగండి. ఉన్నట్టుండి మనుషులను గుర్తుపట్టకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒక కాలే వాచినా, ఆయాసం వచ్చినా "వయసు కదా" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇదంతా ఇంట్లో ఉన్న ఒక్క కోడలి భుజాల మీద వేయవద్దు. మిరప కోతలకు వెళితేగాని ఇల్లు గడవని కుటుంబాలు మనవి. పగలంతా మంచం దగ్గర కూర్చోవడం వాళ్లవల్ల కాదు. లివర్‌పూల్‌లో ఊరిని పంచుకున్నట్టే మనమూ వీధులవారీగా పంచుకోవచ్చు. స్త్రీల సమాజం నుండి ఒకరు ఉదయం, యౌవనస్థుల్లో ఒకరు సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి, పది నిమిషాలు చేయి పట్టి నడిపించి, చిన్న ప్రార్థన చేసి రావచ్చు. దూరాన ఉన్న బిడ్డలారా, ఫోనులో "ఎలా ఉంది నాన్నా?" అంటే "ఏదోలే" అంటారు. "ఇవాళ ఎన్నిసార్లు లేచావు నాన్నా? అరుగు దాకా వచ్చావా?" అని అడగండి. రేపు మీకు చెప్పడానికైనా ఒక అడుగు ఎక్కువ వేస్తారు.

అందరూ మళ్లీ నడుస్తారని మేము చెప్పడం లేదు. రెండవ సమూయేలు 19వ అధ్యాయంలో 80 ఏళ్ల బర్జిల్లయి ఉన్నాడు. రాజు తనతో యెరూషలేముకు రమ్మంటే, తిన్నదాని రుచి కూడా తెలియని వయసు నాది, నా ఊళ్లోనే నన్ను ఉండనివ్వమని వేడుకున్నాడు. దావీదు బలవంతం చేయలేదు. ముద్దుపెట్టుకుని, దీవించి పంపాడు. పెద్దవాళ్లు అలసిపోయి చాలు అన్నప్పుడు వినడం కూడా మనం నేర్చుకోవాలి. కానీ వాళ్లు చాలు అనకముందే మనం చాలు అనేయకూడదు.

బదరీవృక్షము క్రింద చావు కోరుకుని పడుకున్న ఏలీయాకు దేవదూత ముందు బోధ చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత కోప్పడలేదు. రెండోసారి వచ్చి మళ్లీ తట్టాడు, మళ్లీ పెట్టాడు. ఆ తర్వాతే నలభై రోజుల ప్రయాణానికి బలం వచ్చింది. మీ ఇంట్లో, మీ వీధిలో మంచాన ఉన్న పెద్దవాళ్లు ఎవరో ఈ వారం గుర్తు చేసుకోండి. రెండోసారి తట్టే చేయి మీదే కావచ్చు.

ప్రభువు మన పెద్దలకు బలమును, వారిని చూసుకునేవారికి ఓర్పును అనుగ్రహించును గాక. ఆమేన్.