వైపర్ తిరుగుతోంది.. నీళ్లు రావట్లేదా? కారు వాషర్ పంపు ఇంట్లోనే మార్చుకోవచ్చు, కానీ కొనే ముందు ఇవి చూడండి

చినుకు పడిందంటే చాలు, చాదర్‌ఘాట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లేవాళ్లకు ముందు గుర్తొచ్చేది మలక్‌పేట రైల్వే బ్రిడ్జి. దాని కింద నీళ్లు నిలిస్తే బండ్లన్నీ నత్తనడకే. ముందు వెళ్తున్న ఆర్టీసీ బస్సో, గంజ్‌కు ఉల్లిగడ్డలతో వస్తున్న లారీయో బురదనీళ్లు చిమ్మితే వెనకున్న కారు అద్దం మొత్తం మట్టిపూతే. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ పక్కనున్న లివర్ లాగితే వైపర్ తిరుగుతుంది, నీళ్లు మాత్రం రావు. ఉన్న బురదనే అటూ ఇటూ పూసి, కాస్తో కూస్తో కనిపించే దారిని కూడా వైపర్ మూసేస్తుంది. రాత్రయితే ఇంకా ప్రమాదం. ఎదురు బండి లైటు పడగానే ఆ పూత తెల్లగా మెరుస్తుంది. రోడ్డు దాటుతున్న మనిషి కూడా కనిపించడు.

దీనికంతటికీ కారణం చాలాసార్లు అరచేతిలో పట్టేంత చిన్న మోటార్. మెకానిక్‌లు దీన్నే ‘వాషర్ మోటార్’ అంటారు. మోడల్‌ను బట్టి ధర మారినా, చాలా మామూలు కార్లకు ఇది కొన్ని వందల రూపాయల వస్తువే. చేతికి అందే చోట ఉంటే అరగంట, గంటలో మార్చేయొచ్చు. అయితే పంపు కొని, బిగించి, చివరికి ‘అసలు పంపు బాగానే ఉంది’ అని తెలుసుకునేవాళ్లే ఎక్కువ. అందుకే స్పానర్ పట్టుకునే ముందు చెవి పెట్టి వినాలి.

తప్పు పంపుదేనా?

ముందు ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూడాలి. నవ్వొచ్చే మాటే కానీ, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. బానెట్ ఎత్తితే అద్దం, నీటి చిమ్ము గుర్తు ఉన్న మూత కనిపిస్తుంది. కూలెంట్ మూత వేరు, దాని జోలికి పోవద్దు.

తర్వాత ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచాలి. ఒకరు లోపల కూర్చుని లివర్ లాగితే ఇంకొకరు బయట ముందు చక్రం దగ్గర నిలబడి వినాలి. ‘జ్‌య్య్’ మని సన్నగా శబ్దం వస్తే మోటార్‌కు కరెంటు అందుతోంది, అది తిరుగుతోంది. అలాంటప్పుడు అనుమానం పైపు మీదకు, నాజిల్ మీదకు మళ్లాలి. బానెట్ కింద నాజిల్‌కు తగిలించిన సన్నపైపును ఊడదీసి మళ్లీ లివర్ లాగండి. పైపులోంచి నీళ్లు ధారగా వస్తే నాజిల్ మూసుకుపోయింది, గుండుసూదితో మెల్లగా కదిపితే పని అయిపోతుంది. పైపులోకి నీళ్లే రాకపోతే మధ్యలో ఎక్కడో ఊడిపోయి ఉండాలి, లేదా చిట్లి ఉండాలి. బానెట్ తెరిచి మూసే మడత దగ్గర పైపు నలిగిపోవడం మామూలే. కారు కింద నేల తడిస్తే ఆ తడి ఎక్కడుందో చూసినా ఆచూకీ దొరుకుతుంది. పైపు మొత్తం బాగుంటే అప్పుడు పంపు అడుగున ఉండే జాలీలో చెత్త పేరుకుని ఉంటుంది, లేదంటే లోపలి రెక్క అరిగి ఉంటుంది.

శబ్దమే రాకపోతే అది కరెంటు సంగతి. ముందుగా ఫ్యూజు చూడాలి. ఏ ఫ్యూజో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. కాలిపోతే అదే ఆంపియర్‌ది వేయాలి. ‘ఇంటిదాకా వెళ్తే చాలు’ అని రాగితీగ చుట్టడం మాత్రం వద్దు, వైరింగ్ అంటుకునే ప్రమాదం ఉంది. ఫ్యూజు బాగుంటే పంపు దగ్గర రెండు వైర్ల కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్ గానీ టెస్ట్ ల్యాంపు గానీ పెట్టి లివర్ లాగించాలి. సుమారు 12 వోల్టులు వస్తున్నాయా? అయితే పంపు చచ్చిపోయినట్టే. వోల్టేజీ రావట్లేదంటే తప్పు లివర్ స్విచ్‌లోనో వైరింగ్‌లోనో ఉంది, కొత్త పంపు పెట్టినా లాభం లేదు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా షాపుకు పరుగెత్తకూడదు.

షాపులో ఏం అడగాలి?

మలక్‌పేట వాళ్లకు స్పేర్‌పార్టుల కోసం దూరం పోవాల్సిన పనిలేదు. చాదర్‌ఘాట్ దాటితే కోఠి పక్కనే పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాలున్నాయి. ‘అన్నా, వాషర్ మోటార్ ఇవ్వు’ అంటే వచ్చే మొదటి ప్రశ్న ‘ఏ బండి, ఏ సంవత్సరం?’ అనే. అక్కడ తడబడకుండా పాత పంపే చేతిలో ఉంటే మేలు. లేదంటే ఆర్‌సీ ఫొటో, పాత పంపు ఫొటో ఫోన్‌లో ఉంచుకోవాలి.

హ్యాచ్‌బ్యాక్‌లు, ఎస్‌యూవీల వాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. వెనక అద్దానికీ నీళ్లు కొట్టే కార్లలో కొన్నింటికి రెండు వేర్వేరు పంపులుంటాయి. మరికొన్నింటికి ఒకే పంపు, దానికి రెండు మూతులు. మోటార్ ఒకవైపు తిరిగితే ముందుకు, ఎదురు తిరిగితే వెనక్కి నీళ్లు వెళ్తాయి. దీన్ని ఒకే మూతి పంపుతో మార్చడం కుదరదు. బయటి సైజు సరిపోయిందని తెచ్చేసుకుంటే మళ్లీ పుత్లీబౌలి ట్రాఫిక్‌లో ఇంకో ట్రిప్పు తప్పదు. పంపుతో పాటు అది కూర్చునే రబ్బరు బుష్ కూడా అడిగి తీసుకోవాలి. పాతది గట్టిపడిపోయి ఉంటే కొత్త పంపు పక్క నుంచే నీళ్లు కారుతాయి.

మార్చేది ఇలా

కారును చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ చల్లారనివ్వాలి. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయడం మంచిది. ఎలక్ట్రిక్ కార్లలోనూ వాషర్ పంపు నడిచేది 12 వోల్టుల మీదే కానీ, నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే వాటిని ముట్టుకోవద్దు.

పంపు సాధారణంగా వాషర్ ట్యాంకు అడుగున ఉంటుంది. కొన్ని కార్లలో బానెట్ ఎత్తగానే చెయ్యి అందుతుంది. చాలావాటిలో మాత్రం ముందు చక్రం మీదుండే ప్లాస్టిక్ కవర్ వెనక దాక్కుంటుంది. స్టీరింగ్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పితే ఆ కవర్ స్క్రూలు, క్లిప్పులు అందుతాయి. మొత్తం పీకనక్కర్లేదు, చెయ్యి దూరేంత మడిస్తే చాలు. ఎండకు పెళుసైన క్లిప్పులు ఒకటి రెండు విరగడం ఖాయం, ముందే నాలుగు కొని పెట్టుకోండి. బంపర్ మొత్తం విప్పితే గానీ పంపు అందని మోడల్ అయితే మెకానిక్‌కు వదిలేయడమే మంచిది. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. వారంటీలో ఉన్న బండి అయితే సర్వీస్ సెంటర్‌లోనే చూపించుకోవాలి.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చక్రం తీయాల్సి వచ్చినా సరే, జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకు తల పెట్టొద్దు. జాకీ ఉన్నది టైరు మార్చడానికే. పాతబస్తీ గల్లీల్లో వాలుగా ఉండే నేల మీద అది జారితే ఆపేవాడు ఉండడు.

పంపు కింద బకెట్ పెట్టి, కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీయాలి. నీటి పైపును అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. ఒకటికి మించి పైపులుంటే ఏది ఎక్కడిదో ముందే ఫొటో తీసుకోవాలి. ఇక పంపును ఉన్న చోటే కొంచెం తిప్పుతూ రబ్బరు బుష్‌లోంచి పైకి లాగితే వచ్చేస్తుంది. దాంతో పాటే ట్యాంకులోని నీళ్లన్నీ ఒక్కసారి మోచేతి మీదుగా దిగుతాయి, కంగారు పడొద్దు.

ట్యాంకు ఖాళీ అయింది కాబట్టి ఇదే అదను. మంచినీళ్లు రెండుమూడు సార్లు పోసి కదిలిస్తే అడుగున చేరిన పాచి, ఇసుక బయటికొస్తాయి. అవి లోపలే ఉంటే కొత్త పంపుదీ పాత దారే. కొత్త బుష్‌ను నీళ్లతో తడిపి కూర్చోబెట్టాలి. ఆయిల్, గ్రీజు రాయకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. పంపును నిటారుగా నొక్కి, పైపు, కనెక్టర్ తగిలించాలి. కవర్ మూయకముందే ట్యాంకు నింపి, అయిదు నిమిషాలు ఆగి బుష్ దగ్గర వేలు పెట్టి చూడాలి. తడి లేకపోతే బ్యాటరీ తీగ తగిలించి లివర్ లాగొచ్చు. పైపులో గాలి ఉంటుంది కనుక మొదటి నీళ్లు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ముందు లాగితే వెనక అద్దానికి నీళ్లొచ్చాయంటే పైపులు అటుదిటు అయినట్టే.

ట్యాంకులో ఏం పోస్తున్నారు?

పంపును చంపేది ఎక్కువగా రెండే. ఒకటి, ట్యాంకు ఖాళీగా ఉన్నా లివర్ లాగుతూనే ఉండటం. ఈ చిన్న మోటార్‌కు చలవ, తడి రెండూ ఆ నీళ్లే. రెండోది, ఉప్పునీళ్లు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టించే బోరునీళ్లు నాజిల్ రంధ్రంలోనూ అదే పొర కట్టిస్తాయి. ఆర్‌వో మెషీన్ నుంచి వదిలేసే నీళ్లు పోస్తే పొదుపు అనుకుంటారు కొందరు. నిజానికి వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఇల్లు కడగడానికి వాడుకోవచ్చు, ఇక్కడ మాత్రం వద్దు. తాగే ఆర్‌వో నీళ్లు, కారు షాపులో దొరికే వాషర్ లిక్విడ్ కలిపితే సరిపోతుంది. రూపాయి షాంపూ ప్యాకెట్, గిన్నెల సబ్బు నురగ కట్టి అద్దం మీద జిడ్డు పొర వదులుతాయి. ఇంజిన్ కూలెంట్ పోస్తే కారు పెయింటే దెబ్బతింటుంది.

ఉత్త నీళ్లే పోసే అలవాటు మీద బ్రిటన్‌లో ఓ అధ్యయనం కూడా జరిగింది. వాషర్‌లో లిక్విడ్ కలపకుండా నీళ్లు మాత్రమే వాడే డ్రైవర్లకు లీజియొనేర్స్ అనే న్యుమోనియా ముప్పు ఎక్కువని అక్కడి హెల్త్ ప్రొటెక్షన్ ఏజెన్సీ పరిశోధకులు 2010లో చెప్పారు. గోరువెచ్చగా నిలవుండే నీళ్లలో ఆ బ్యాక్టీరియా పెరుగుతుంది, తుంపరతో ఊపిరిలోకి వెళ్తుంది. హైదరాబాద్ ఎండలో బానెట్ కింద ట్యాంకు ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక రూల్ సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 101వ నిబంధన ప్రకారం పనిచేసే వైపర్ ఉండాల్సిందే. పంపు మార్చిన రోజే బ్లేడ్ల రబ్బరు కూడా వేలితో తడిమి చూడండి. చీలికలు తగిలితే, కొత్త నీళ్లొచ్చినా అద్దం మీద గీతలు మిగులుతాయి.