సన్న లైన్ మీద నెట్‌వర్క్: స్లిప్ చరిత్ర



మన ఊర్లకు లైన్ వేయడం కష్టం, ఖర్చు అని వింటూనే ఉంటాం. మేము హాస్టల్‌లో నెట్‌వర్క్స్ చదువుతుంటే దొరికిన చరిత్ర ఒకటి చెప్తాం.

1980లలో యూనిక్స్ కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ కేబుల్ ఊరు దాటి పోయేది కాదు. కానీ వాటికి మోడెమ్ తగిలించే సీరియల్ పోర్టులు ఉండేవి. 1984లో అమెరికాలో రిక్ ఆడమ్స్ వాటి మీదనే ఐపీ ప్యాకెట్లు పంపే స్లిప్ రాశాడు. పద్ధతి చిన్నదే. ప్యాకెట్ అయిపోయిందని చెప్పడానికి చివర 192 అనే బైట్ పెడతారు. డేటాలోనే 192 వస్తే దాని బదులు రెండు బైట్లు పంపుతారు.

ఎన్ని పోర్టులుంటే అన్ని లైన్లు నడపొచ్చు. బీఎస్‌డీ యూనిక్స్‌లో మొదటి లైన్ ఎస్ఎల్0, రెండోది ఎస్ఎల్1. ఒక్కోదానికి స్లాటాచ్ కమాండ్ ఇవ్వాలి. అడ్రస్ చెప్పుకునే ఏర్పాటు స్లిప్‌లో లేదు, అందుకే రెండు చివర్ల అడ్రసులూ మనిషే రాయాలి.

సెకనుకు 1200 బిట్ల లైన్ మీద 120 అక్షరాలే పోతాయి. ఒక్క అక్షరం కొట్టినా దానితో 40 బైట్ల హెడర్ పోవాలి, అంటే సెకనులో మూడో వంతు. 1990లో వాన్ జాకబ్‌సన్ ఆ హెడర్‌ను 3–5 బైట్లకు కుదించే దారి చూపాడు.

1988 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1055 స్లిప్‌ను ప్రమాణం కాదని తన పేరులోనే చెప్పింది. తర్వాత పీపీపీ దాని జాగా తీసుకుంది. 1994లో వచ్చిన మల్టీలింక్‌తో అనేక లైన్లను కలిపి ఒకే దారిగా వాడుకున్నారు.

అంత సన్న లైన్ మీదనే మనుషులు కలిశారు. ఇప్పుడు కుదరదు అనేవాళ్లను, ఎందుకు కుదరదో లెక్క చెప్పమని మనం అడగాలి.