సాహసకథ అచ్చెక్కిన తీరు

అమెరికాదేశమున విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా పట్టణమునుండి 1974లో, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట, వేయి ప్రతులుగా అచ్చై, ఇంటిలోనే చేతులతో పెట్టెల కెక్కింపబడి వెలువడినప్పుడు, అందు నియమములు విస్తారముగా నుండెను గాని, ఆడింపదగిన సమగ్రమైన కథ లేదు. దానిని, ఆటను నడుపు ప్రతి నిర్వాహకుడును స్వయముగా కల్పించుకొనవలసియుండెను. 1975లో ఆర్నెసన్ ‘బ్లాక్‌మూర్’ అనుబంధమున ‘టెంపుల్ ఆఫ్ ది ఫ్రాగ్’ అను సాహసకథను చేర్చి త్రోవ చూపగా, 1978లో గైగాక్స్, ఆరిజిన్స్ అను ఆటల మేళాలోని పోటీకై కూర్చిన మహాకాయుల కథాత్రయమును మూడు పలుచని పుస్తకములుగా వెలువరించెను. వాని అట్టను కుట్టక విడిగా నుంచి, లోపలివైపున నిర్వాహకునికై నీలిసిరాతో గుహల పటములను అచ్చొత్తిరి. పలు బల్లలయొద్ద పలువురు నిర్వాహకులు ఒకే కథను సమముగా నడపవలసిన పోటీయవసరమే, ఒకని ఊహలోని గుహను అన్యులు చదివి యాడింపగల గ్రంథముగా తీర్చినది.